గట్టి బంధాన్ని ఎక్కువగా తెంపగలమా? లేజర్ పల్సులతో ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి వారం

బ్రోమోక్లోరోమీథేన్ చిన్న అణువు. మధ్యలో ఒక కార్బన్, దాని చుట్టూ రెండు హైడ్రోజన్లు, ఒక బ్రోమిన్, ఒక క్లోరిన్. కార్బన్-బ్రోమిన్ బంధాన్ని తెంపడానికి మోలుకు సుమారు 280 కిలోజౌళ్లు కావాలి, కార్బన్-క్లోరిన్ బంధానికి సుమారు 330. వేడి చేస్తే శక్తి అణువంతటా పాకి, బలహీనంగా ఉన్న చోట బంధం తెగుతుంది. తాడును గట్టిగా లాగితే పీలికలైన చోటే తెగినట్టు. మా ప్రశ్న ఒక్కటే: అదే శక్తి, అదే రంగు ఉన్న లేజర్ పల్సును తీసుకుని దాని ఆకారాన్ని మాత్రమే మార్చి, గట్టి బంధం తెగే వాటాను పెంచగలమా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. లేజర్లు వచ్చిన తొలి రోజుల్లో అందరి ఆశా ఇదే. ఒక్కో బంధం ఒక్కో పౌనఃపున్యంతో కంపిస్తుంది కదా, లేజర్‌ను ఆ పౌనఃపున్యానికి శ్రుతి చేస్తే ఆ బంధం మాత్రమే తెగుతుందని అనుకున్నారు. అణువు అలా సహకరించలేదు. ఒక బంధంలోకి పంపిన శక్తి కొన్ని పికోసెకన్లలో (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్ల వంతు), చాలాసార్లు అంతకంటే ముందే, పక్క బంధాల్లోకి కారిపోతుంది. పని జరిగిన చోట్ల అణువు చాలా చిన్నది. 1990లో ఫ్లెమింగ్ క్రిమ్ బృందం ఒక హైడ్రోజన్, ఒక డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న నీటి అణువులో ఓ-హెచ్ బంధాన్ని లేజర్‌తో బాగా కంపింపజేసి, దాన్ని హైడ్రోజన్ పరమాణువుతో ఢీకొట్టించింది. చర్య ఆ బంధం దగ్గరే జరిగింది. మూడే పరమాణువులు, బాగా ఎడంగా ఉన్న రెండు పౌనఃపున్యాలు కాబట్టి శక్తి కారిపోయేలోపే పని పూర్తయింది.

శక్తి పాకే లోపలే ముగించాలంటే ఫెమ్టోసెకన్లలో, అంటే పికోసెకనులో వెయ్యో వంతుల్లో, పని చేయాలి. 1985లో డేవిడ్ టానర్, స్టువర్ట్ రైస్ రెండు పల్సుల మధ్య వ్యవధితో చర్య దారిని ఎంచుకోవచ్చని చూపారు. మరుసటి ఏడాది పాల్ బ్రూమర్, మోషే షపీరో కాంతి తరంగాల దశతోనే ఆ పని చేయవచ్చని లెక్క కట్టారు. నాకు అన్నింటికంటే నచ్చింది 1992లో రిచర్డ్ జడ్సన్, హర్షెల్ రాబిట్జ్ చెప్పిన దారి. అణువు లోపల ఏం జరుగుతుందో మనకు పూర్తిగా తెలియనక్కర్లేదు. పల్సును మారుస్తూ పోదాం, ఏది బాగుందో అణువే చెబుతుంది, అల్గారిథమ్ దాని నుంచి నేర్చుకుంటుంది. 1998లో గుస్తావ్ గెర్బర్ బృందం ఒక ఇనుము సమ్మేళనం మీద దీన్ని చేసి చూపింది. 2002లో అదే బృందం బ్రోమోక్లోరోమీథేన్‌ను కూడా ఇలాగే పరీక్షించింది.

మేము చేయబోయేది ఆ ప్రయోగమే. దానికి ఒక ప్రశ్న కలిపాం. ఫలితంలో వచ్చే మార్పులో ఎంత భాగం పల్సు ఆకారానిది, ఎంత భాగం కేవలం తీవ్రతది? మా గైడు మొదటి రోజే ఈ మాట పలక మీద రాసి, చివరి దాకా చెరపవద్దని చెప్పారు.

మూడో వారం

రెండు వారాలు పల్సుకు ఆకారం ఇచ్చే అమరికకే సరిపోయాయి. లేజర్ టైటానియం-సఫైర్ రకం. 800 నానోమీటర్లు, సెకనుకు వెయ్యి పల్సులు, ఒక్కో పల్సు 35 ఫెమ్టోసెకన్లు. ఫెమ్టోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతును మళ్లీ పది లక్షల భాగాలు చేస్తే వచ్చే ముక్క. 35 ఫెమ్టోసెకన్లలో కాంతి వెళ్లేది పది మైక్రాన్ల చిల్లర, వెంట్రుక మందం కూడా దాటదు. ఇంత చిన్న పల్సుకు నేరుగా ఆకారం ఇచ్చేంత వేగం ఏ మీటకూ ఉండదు. అందుకే పనిని కాలం నుంచి రంగుల్లోకి మారుస్తాం.

పొట్టి పల్సులో చాలా రంగులు ఉండి తీరాలి. మా పల్సు వర్ణపటం వెడల్పు సుమారు 27 నానోమీటర్లు. గ్రేటింగు (సన్నని గీతలు చెక్కిన పలక) ఆ రంగులను విడదీస్తుంది, వంపు అద్దం ఒక్కో రంగును ఒక్కో చోట కేంద్రీకరిస్తుంది. ఆ తలంలో 128 గళ్ల ద్రవ స్ఫటికపు తెర ఉంటుంది. ఒక్కో గడికి ఇచ్చే వోల్టేజిని బట్టి అక్కడి రంగుకు కలిగే ఆలస్యం మారుతుంది. ఆ తర్వాత ఇదే అమరిక అద్దంలో చూసినట్టు తిరగబడి, రంగులన్నింటినీ మళ్లీ ఒక్క కిరణంగా కలుపుతుంది. అన్ని గళ్లూ సున్నా మీద ఉంటే లోపలికి వెళ్లిన పల్సే బయటికి రావాలి.

మాకు రాలేదు. బయటికి వచ్చిన కిరణం చూడటానికి గుండ్రంగానే ఉంది. కార్డు అంచుతో సగం కిరణాన్ని అడ్డుకుని స్పెక్ట్రోమీటరులో చూస్తే మాత్రం ఎడమ సగం ఎరుపు వైపు, కుడి సగం నీలం వైపు జరిగి ఉన్నాయి. అంటే రంగులు తిరిగి కలవడం లేదు, పక్కపక్కన నడుస్తున్నాయి. రెండో గ్రేటింగు కోణాన్ని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, ప్రతిసారీ కార్డు అడ్డుపెట్టి చూస్తూ నాలుగు రోజులు గడిపాను. తెర ఉండాల్సిన చోట సన్నని సూదిని నిలబెట్టడం బాగా పనికొచ్చింది. ఆ తలం సరిగ్గా కేంద్రంలో ఉంటే వర్ణపటంలో సూది నీడ పదునైన గాటులా పడుతుంది. రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో జరిగినా గాటు పల్లంలా విశాలమవుతుంది. ఎవరైనా ఈ అమరిక కడుతుంటే ముందు సూది తెచ్చుకోండి.

800 నానోమీటర్ల కాంతి కంటికి మసక ఎరుపుగా కనిపిస్తుంది. ఆ మసకను చూసి బలహీనమైన కాంతి అనుకుంటే కంటి రెటీనా కాలిపోతుంది. గడియారం, ఉంగరం తీసి పక్కన పెట్టి, లేజర్ రక్షణ కళ్లజోడు పెట్టుకున్నాకే తలుపు లోపలికి అడుగు పెడతాం. కిరణం ఉన్న ఎత్తుకు ఎవ్వరూ తల వంచరు. కింద పడిన మరను తీయాలన్నా ముందు షటరు మూస్తాం.

అయిదో వారం

ద్రవాన్ని వాక్యూమ్ చాంబరులోకి పంపే ముందు అందులో కరిగిన గాలిని తీయాలి. గాజు గొట్టాన్ని ద్రవ నత్రజనిలో ముంచితే బ్రోమోక్లోరోమీథేన్ తెల్లగా గడ్డకడుతుంది. పైనున్న గాలిని పంపుతో లాగి, కవాటం మూసి, కరగనిస్తే గడ్డ నుంచి చిన్న చిన్న బుడగలు పైకి లేస్తాయి. మొదటిసారి బుడగలు చాలా వచ్చాయి, రెండోసారి కొన్ని, మూడోసారి ఒకటో రెండో. నాలుగోసారి ఏమీ రాలేదు. ఆవిరి ఓజోన్ పొరకు హాని చేసేది, పీల్చకూడనిది కూడా. అందువల్ల ఇదంతా ఆవిరిని బయటికి లాగే అల్మారాలోనే చేశాం. వాడే పరిమాణం కొన్ని చుక్కలే.

చాంబరులో కిరణం పడిన చోట పుట్టిన అయాన్లను విద్యుత్ క్షేత్రం ఒక గొట్టంలోకి తోస్తుంది. తేలికవి ముందు, బరువైనవి వెనక చేరతాయి. చేరే సమయం ద్రవ్యరాశి వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. చాంబరు గోడల నుంచి ఎప్పుడూ కొంత నీటి ఆవిరి వస్తూనే ఉంటుంది, దాన్నే కొలబద్దగా వాడుకున్నాం. 18 ద్రవ్యరాశి శిఖరం 5.0 మైక్రోసెకన్ల దగ్గర ఉంది. అయితే 49 ఎక్కడ ఉండాలి? 8.25 దగ్గర. 93 ఎక్కడ? 11.4 దగ్గర.

రెండూ సరిగ్గా అక్కడే ఉన్నాయి. ఆసిలోస్కోపు తెర మీద 93, 95 శిఖరాలు సమానమైన ఎత్తుతో కవలల్లా నిలబడ్డాయి. ప్రకృతిలో బ్రోమిన్ 79, బ్రోమిన్ 81 దాదాపు చెరి సగం ఉంటాయి కాబట్టి బ్రోమిన్ మిగిలిన ముక్కకు ఇదే సంతకం. 49, 51 శిఖరాలు మూడుకు ఒకటి చొప్పున ఉన్నాయి, అది క్లోరిన్ సంతకం. చీలని అణువు 128, 130, 132 దగ్గర మూడు, నాలుగు, ఒకటి ఎత్తులతో ఉంది. పేర్లు రాసి అంటించకపోయినా ఎవరు ఎవరో తెలిసిపోతుంది. ఆ తెరను నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఇక మా కొలత: బ్రోమిన్ మిగిలిన ముక్కను క్లోరిన్ మిగిలిన ముక్కతో భాగిస్తే వచ్చే నిష్పత్తి. బ్రోమిన్ మిగిలిందంటే తెగింది క్లోరిన్ బంధం, అంటే గట్టి బంధం. ఆకారం ఇవ్వని పల్సుతో ఈ నిష్పత్తి 0.14. అంటే గట్టి బంధం ఒకసారి తెగితే బలహీన బంధం ఏడుసార్లు తెగుతోంది.

ఆరో వారం

అల్గారిథమ్‌ను మొదటిసారి నడిపాం. నలభై పల్సుల గుంపు, ఒక్కోదానికి 128 గళ్లలో యాదృచ్ఛికమైన దశలు, అంటే ఒక్కో రంగుకు ఇచ్చే ఆలస్యాలు. ఒక్కో పల్సుతో వెయ్యి షాట్లు తీసి నిష్పత్తి లెక్కిస్తుంది, మెరుగైనవాటిని కలిపి, కొంచెం మార్చి, తర్వాతి తరాన్ని తయారు చేస్తుంది. మొదటి ప్రయత్నం ఎటూ పోలేదు. 128 గళ్లనూ వేటికవి తిరగనిస్తే పల్సు పొడిపొడిగా రాలిపోయి అయాన్లే పుట్టవు, పుట్టకపోతే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. గళ్లను ఎనిమిదేసి చొప్పున 16 బిందువులతో పట్టుకుని మధ్యలో నునుపైన గీత గీయమన్నాక కదలిక వచ్చింది.

యాభైవ తరానికి నిష్పత్తి 0.19కి చేరింది. మూడో వంతుకు పైగా పెరుగుదల. అందరం తెర చుట్టూ చేరాం. నిజంగానే గట్టి బంధం ఎక్కువగా తెగుతోంది.

ఆ రాత్రి గెలిచిన పల్సు దశను గీసి చూశాను. మొదట రంపపు పళ్లలా కనిపించింది. ద్రవ స్ఫటికపు తెర ఒక పూర్తి తరంగం దాకానే ఆలస్యం చేయగలదు, దాటితే సున్నా నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ మడతలు విప్పగానే రంపం పోయి నున్నని వంపు వచ్చింది. కింది వైపు తెరిచిన ఒక పరావలయం, అంతే. దాని వక్రత సుమారు మైనస్ 410 చదరపు ఫెమ్టోసెకన్లు.

అణువు రహస్యం ఇంత సాదాగా ఉంటుందా? ఎందుకో ఆ సంఖ్య ఎక్కడో చూసినట్టు అనిపించింది. తెల్లవారి కాగితం మీద లెక్క వేశాను. చాంబరు కిటికీ 6 మిల్లీమీటర్ల ఫ్యూజ్డ్ సిలికా. ఈ రంగు దగ్గర ఒక్కో మిల్లీమీటరు 36 చదరపు ఫెమ్టోసెకన్లు కలుపుతుంది, మొత్తం 216. కటకం 4 మిల్లీమీటర్ల మామూలు ఆప్టికల్ గాజు, మిల్లీమీటరుకు దాదాపు 45, అది 180. మధ్యలో మీటరు గాలి, ఇంకో 20. కూడితే 416.

అల్గారిథమ్ కనిపెట్టింది మా కిటికీ గాజును!

జరిగింది ఇదీ. లేజర్ పెట్టెలోని కంప్రెసరును మేము చాంబరు బయట, కాంతి పౌనఃపున్యాన్ని రెట్టింపు చేసే ఒక స్ఫటికంతో చూసి సరిచేశాం. (పల్సును సాగదీసి, బలపరచి, మళ్లీ కుదించే ఈ పద్ధతిని 1985లో డోనా స్ట్రిక్లాండ్, జెరార్ మూరూ కనిపెట్టారు. 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం దానికే.) అక్కడ పల్సు 35 ఫెమ్టోసెకన్లు. కటకం, కిటికీ దాటి అణువు దగ్గరికి చేరేసరికి ఎర్రటి రంగులు ముందు, నీలం వైపు రంగులు వెనక అయి దాదాపు 48కి సాగింది. తీవ్రత నాలుగో వంతు పడిపోయింది. అల్గారిథమ్ సాగిన పల్సును మళ్లీ కుదించింది, తీవ్రత పెరిగింది, తీవ్రత పెరిగితే ఎక్కువ శక్తి కావలసిన దారులు తెరుచుకుంటాయి. బంధాల ఎంపిక దాకా మేము వెళ్లనే లేదు.

గైడుకు లెక్క చూపించాను. ఆయన పలక వైపు చూశారు, ఏమీ అనలేదు. ఆ తర్వాత, అల్గారిథమ్ సరిగ్గా పనిచేస్తోందనడానికి ఇంతకంటే మంచి పరీక్ష మనమే పెట్టినా దొరకదని అన్నారు. అది నిజమే. తెలియని గాజు మందాన్ని అయాన్లను మాత్రమే చూసి రెండు శాతం తేడాతో చెప్పింది.

ఎనిమిదో వారం

పాత సున్నాను వదిలేశాం. మైనస్ 410 వక్రతనే ఇక మా కొత్త సున్నా. దాని నుంచి లేజర్ శక్తిని మాత్రమే తగ్గిస్తూ, ఆకారం ముట్టుకోకుండా, నిష్పత్తి ఎలా మారుతుందో గీశాం. శక్తిని నాలుగో వంతు తగ్గించగానే నిష్పత్తి 0.14 దగ్గరికి దిగింది. ఆరో వారపు గెలుపు మొత్తం ఈ ఒక్క గీత మీదే ఉంది. ఇక ముందు ఏ పల్సు వచ్చినా ఈ గీతకు పైన ఉంటేనే లెక్క.

అయితే తీవ్రతను దేనితో కొలవాలి? ఆ స్ఫటికంలో పౌనఃపున్యం రెట్టింపై వచ్చే కాంతిని చూడటం వాడుక. కానీ అది రెండు ఫోటాన్ల పని. మా అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను లాగాలంటే సుమారు 10.8 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే 1.55 చొప్పున ఏడు ఫోటాన్లు కావాలి. రెండు ఫోటాన్ల సాక్షి ఏడు ఫోటాన్ల కథ చెప్పలేడు. అందువల్ల చాంబరులోకే ఒక జడవాయువును వదలాలని నిర్ణయించాం. జడవాయు పరమాణువుకు బంధాలు లేవు, తెగడానికి ఏమీ లేదు, దానికి తెలిసింది తీవ్రత ఒక్కటే. మొదట జెనాన్ అనుకుని గొట్టం కూడా బిగించాను. దాని ఐసోటోపులు 129, 131, 132. మా అణువు 128, 130, 132. రెండూ ఒకదాని మీద ఒకటి పడి అక్కడ గడ్డివాములా తయారైంది. క్రిప్టాన్ 84 దగ్గర ఉంటుంది, 49కీ 93కీ మధ్య ఖాళీ జాగాలో హాయిగా నిలబడింది.

పదో వారం

రెండోసారి నడిపాం. ఈసారి అల్గారిథమ్‌కు ఇచ్చిన లక్ష్యం వేరు: క్రిప్టాన్ సంకేతం ఎంత ఉందో చూసి, ఆ తీవ్రతకు గీత మీద ఉండాల్సిన నిష్పత్తి కంటే ఎంత పైకి లేవగలవో చూడు. అరవై తరాలు, 2,400 పల్సులు, గంటకు పైగా పట్టింది. లేజర్ తనంతట తాను కాస్త జరుగుతుంది కాబట్టి ప్రతి తరంలోనూ ఆకారం లేని పల్సును ఒకసారి కొలిచి సరిపోల్చాం.

2,400 చుక్కలూ ఒకే బొమ్మలో పెట్టాను. దాదాపు అన్నీ గీత వెంట చీమల బారులా ఉన్నాయి. పైకి విడివడినవి ఇరవై.

వాటిని నమ్మలేదు. వేలాది కొలతల్లో అన్నింటికంటే పైనున్నవాటిని ఏరితే, అదృష్టం కొద్దీ పైకి ఎగిరినవే ఎక్కువగా చేతికి వస్తాయి. మరునాడు ఆ ఇరవై పల్సులనూ వరుస మార్చి, ఒక్కోదానికి పదివేల షాట్లతో, మధ్య మధ్య సాదా పల్సును చొప్పిస్తూ మళ్లీ కొలిచాం. పదిహేడు గీత మీదికి దిగిపోయాయి. మూడు దిగలేదు. అవి గీత కంటే సుమారు తొమ్మిది శాతం పైన ఉన్నాయి, కొలతలో పొరపాటు రెండు శాతం.

తొమ్మిది శాతం చిన్నదే. ఆరో వారం పెరుగుదలతో పోలిస్తే నాలుగో వంతు. కానీ నా దృష్టిలో ఆ ముప్పై అయిదు శాతం కంటే ఈ తొమ్మిదే విలువైనది. మూడింటి ఆకారాలనూ మరో పొట్టి పల్సుతో తడిమి చూశాం. మూడూ ఒకే తీరు: ముందు ఒక చిన్న గుబ్బ, సుమారు 140 ఫెమ్టోసెకన్ల తర్వాత పెద్దది. అణువులో కార్బన్-హాలోజన్ బంధాలు ఒకసారి సాగి ముడుచుకోవడానికి యాభై ఫెమ్టోసెకన్ల చుట్టుపక్కల పడుతుంది. చిన్న గుబ్బ అణువును ఏదో స్థితిలోకి కదిలించి, అది సాగుతుండగా పెద్ద గుబ్బ వచ్చి తగులుతోందని నా ఊహ. ఊహకు ఇంకా ఆధారం లేదు.

పదకొండో వారం

ఈ ఆలోచన నా సహ పరిశోధకురాలిది. పల్సు దశకు గుర్తు మార్చితే, ప్లస్ ఉన్నచోట మైనస్ పెడితే, ఆ పల్సు కాలంలో తిరగబడుతుంది. పెద్ద గుబ్బ ముందు వస్తుంది, చిన్నది వెనక. శక్తి అదే, రంగులు అవే, గరిష్ఠ తీవ్రత కూడా అదే. మారేది వరుస ఒక్కటే. తీవ్రతే కారణమైతే రెండు పల్సులకూ ఒకే నిష్పత్తి రావాలి.

ఇక్కడే గాజు లెక్క అక్కరకొచ్చింది. గుర్తు మార్చేది కొత్త సున్నా నుంచి. పాత సున్నా నుంచి మార్చి ఉంటే గాజు వల్ల వచ్చిన సాగుదల రెండో పల్సులో రెట్టింపై, రెండింటికీ పోలికే ఉండేది కాదు.

మధ్యాహ్నం రెండింటికి కొలత మొదలుపెట్టాం. అసలు పల్సు, తిరగేసిన పల్సు, సాదా పల్సు, వెయ్యేసి షాట్ల చొప్పున వంతులవారీగా, మొత్తం ఒక్కోదానికి లక్ష షాట్లు. క్రిప్టాన్ శిఖరాలు అసలు దానిలో, తిరగేసినదానిలో ఒక శాతం లోపు తేడాతో సమానంగా ఉన్నాయి. దానికి ముందు వెనకలు తెలియవు. 93, 95 కవలలు మాత్రం అసలు పల్సులో గీత కంటే తొమ్మిది శాతం పైన, తిరగేసినదానిలో గీత మీద.

గైడు కొలతను మూడు సార్లు చేయించారు. మూడోసారి పల్సుల పేర్లు నాకు చెప్పకుండా తానే వరుస మార్చారు. ఫలితం అదే వచ్చింది.

రేపటి నుంచి గుబ్బల మధ్య వ్యవధిని సున్నా నుంచి 400 ఫెమ్టోసెకన్ల దాకా అయిదేసి చొప్పున పెంచుతూ నిష్పత్తి గీస్తాం. 140 దగ్గర ఒక్కటే ఎత్తు ఉందా, మళ్లీ మళ్లీ వస్తుందా అన్నది చూడాలి. గాజు గొట్టంలో ద్రవం అడుగంటింది. ఉదయాన్నే కొత్తగా నింపి, నాలుగు సార్లు గడ్డకట్టించి కరిగించాలి.